తప్పు చేసిన పిల్లలకు తోటి పిల్లలే శిక్ష వేయడం సబబేనా?

ఇర్వింగ్ అమ్మ:
మేము టెక్సస్‌లో, డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటాం. ఇదే రాష్ట్రంలోని ఒడెస్సాలో 1983లో పెట్టిన టీన్ కోర్టును, అంటే చిన్న తప్పులు చేసిన పిల్లలకు తోటి పిల్లలే శిక్ష తేల్చే కోర్టును, చూసి చాలా ఊళ్లు అలాంటివి పెట్టుకున్నాయి. పదిహేనేళ్ల మా అమ్మాయి ఏడాదిగా మా దగ్గరి టీన్ కోర్టులో వకీలుగా వాదిస్తోంది. గత నెలలో నేనూ వెళ్లి వెనక వరుసలో కూర్చున్నాను. దుకాణంలో రెండు లిప్‌స్టిక్‌లు జేబులో వేసుకుని దొరికిపోయిన పిల్ల ముందు కుర్చీలో ఉంది. శిక్ష తేల్చే జూరీలో ఆరుగురూ ఆ వయసు పిల్లలే. అందులో ఒక అబ్బాయి, "దుకాణం వాళ్లు ఇంటికి ఫోను చేస్తే ఎవరు ఎత్తారు?" అని అడిగాడు. "అమ్మమ్మ" అంది ఆ పిల్ల. అంతవరకు బింకంగా ఉన్నది ఒక్కసారిగా వెక్కివెక్కి ఏడ్చింది. పెద్దవాళ్లలో ఎవరికీ ఆ ప్రశ్న తట్టేది కాదు. ఇరవై గంటల సమాజసేవ, దుకాణానికి క్షమాపణ లేఖ, ఇంకో రెండు కేసుల్లో తానే జూరీలో కూర్చోవడం, ఇదీ శిక్ష. అన్నీ పూర్తిచేస్తే కేసు కొట్టేస్తారు. మన రాష్ట్రాల్లో ఎందుకు పెట్టకూడదు?

బెజవాడ వకీలు:
అమ్మా, దీన్ని కోర్టు అనడమే నాకు మింగుడుపడదు. అక్కడ చాలాచోట్ల ముందు తప్పు ఒప్పుకుంటేనే లోపలికి రానిస్తారు. చేశాడా లేదా అన్న విచారణే ఉండదు, శిక్ష ఎంత అన్నదొక్కటే తేలుస్తారు. బెదిరిపోయిన పిల్లవాడు చేయనిది కూడా ఒప్పుకుంటాడు. బాలల న్యాయమండలి ముందు ఇరవై ఏళ్లుగా వాదిస్తూ కళ్లారా చూస్తున్నాను.

ఇంకొకటి. మన 2015 బాలల న్యాయ చట్టంలో మందలించి పంపడం, కౌన్సెలింగ్, సమాజసేవ ఇప్పటికే ఉన్నాయి. పిల్లల పేరు బయటపెట్టకూడదని 74వ సెక్షన్ చెబుతోంది. అదే పేటలోని ఆరుగురు పిల్లలను జూరీగా కూర్చోబెడితే ఆ పేరు ఎన్ని గంటలు దాగుతుంది? ఎదుటివాడి కులం ఏదో తెలియని పిల్లలు మన ఊళ్లలో ఎంతమంది? ఆ కుర్చీల్లో ఎవరి పిల్లలు కూర్చుంటారో, ఎదుట ఎవరి పిల్లలు నిలబడతారో నాకు ఇప్పుడే కనిపిస్తోంది.

చిక్కడపల్లి మాస్టారు:
పుణెలో 2024 మేలో కారు గుద్ది ఇద్దరు చనిపోయిన కేసు గుర్తుందా? పదిహేడేళ్ల కుర్రవాడికి బెయిలు ఇస్తూ 300 మాటల వ్యాసం రాయమన్నారు. దేశమంతా మండిపడింది, న్యాయమే. కానీ అప్పటినుంచి పిల్లలతో ఏదైనా రాయించడమంటేనే జనానికి ఒళ్లు మంట. రెండు ప్రాణాల ముందు తూగని వ్యాసం రెండు లిప్‌స్టిక్‌ల ముందు తూగవచ్చు కదా. ఇంతకూ ఈ కోర్టుల వల్ల పిల్లలు మారుతున్నారా, అది చెప్పండి.

ఇర్వింగ్ అమ్మ:
మాస్టారూ, అర్బన్ ఇన్‌స్టిట్యూట్ అనే ఇక్కడి పరిశోధన సంస్థ 2002లో నాలుగు రాష్ట్రాలను పరిశీలించింది. అలాస్కాలో ఈ కోర్టుకు వచ్చిన పిల్లల్లో ఆరు నెలల్లో మళ్లీ కేసులో చిక్కినవారు 6 శాతం, మామూలు పద్ధతిలో వెళ్లినవారిలో 23 శాతం. అక్కడి యాంకరేజ్‌లో న్యాయమూర్తులు కూడా పిల్లలే, పరీక్ష రాసి నెగ్గితేనే వాదించనిస్తారు. మేరీలాండ్‌లో మాత్రం ఇటు 8, అటు 4. అక్కడ పోల్చి చూసింది పోలీసులే శ్రద్ధగా నడిపిన కార్యక్రమంతో. కాబట్టి బాగా పనిచేసే పద్ధతి ఇప్పటికే ఉన్నచోట దీన్ని తెచ్చి పెట్టమని నేను అనను. వకీలు గారు కులం గురించి అన్నదానికి నా దగ్గర జవాబు లేదు. ఒకే పేట పిల్లలను కూర్చోబెట్టకూడదు, అంతవరకు ఒప్పుకుంటాను.

అయినా ఆ జూరీ కుర్చీని మాత్రం వదులుకోలేను. నిన్న సాయంత్రం మళ్లీ వెళ్లాను. గోడ మీద రంగు చల్లిన అబ్బాయి కేసు. జూరీలో మూడో కుర్చీలో ఆ లిప్‌స్టిక్‌ల పిల్లే కూర్చుంది. చాలాసేపు మాట్లాడలేదు. చివర్లో చెయ్యెత్తి, "క్షమాపణ లేఖ ఎవరికి రాస్తావు, ఇంటి యజమానికా, ఆ గోడ కడిగినవాళ్లకా?" అని అడిగింది. ఆ అబ్బాయి, "గోడ ఎవరు కడిగారో నాకు తెలియదు" అన్నాడు. "కనుక్కో" అంది.