క్రాల్ స్పేస్‌లో తడి: ముందు డక్టులు సీల్ చేయించాలా, తడి ఆపాలా?

కేరీ_సుధ
అందరికీ నమస్తే. మాది నార్త్ కరొలైనాలోని కేరీ. 1994లో కట్టిన ఇల్లు, రెండేళ్ల కింద కొన్నాం. ఇంటి కింద మూడడుగుల ఎత్తు క్రాల్ స్పేస్, అంటే పాకుతూ వెళ్లాల్సిన ఖాళీ ఉంది. జూన్ నుంచి ఏసీ ఆన్ అవగానే హాల్లో ముక్కిన వాసన వస్తోంది. నిన్న మెకానిక్ కిందికి దూరి ఫొటోలు తీశాడు. డక్టుల (ఏసీ గాలి వెళ్లే గొట్టాల) మీద నీళ్ల చుక్కలు, రెండు చోట్ల ఇన్సులేషన్ తడిసి పొట్టలా వేలాడుతోంది. మట్టిలోని తేమ పైకి రాకుండా నేల మీద పరిచే ప్లాస్టిక్ సగం దాకానే ఉంది.

ఒక కంపెనీ డక్టులు సీల్ చేసి, పాడైన ఫ్లెక్స్ (వంగే గొట్టం) ముక్కలు మార్చడానికి 2,800 డాలర్లు అడిగింది. ఇంకో కంపెనీ క్రాల్ స్పేస్ మొత్తం మూసేసి డీహ్యుమిడిఫయర్ (గాలిలో తేమ లాగే మెషిన్) పెట్టడానికి 13,500 అంటోంది. రెండూ చేయించే స్థోమత ఇప్పుడు లేదు. ఏది ముందు? బాబుకి ఆరేళ్లు, రాత్రిళ్లు దగ్గుతున్నాడు.

రాలీ_రాజశేఖర్
డక్టులే ముందు, సందేహం అక్కర్లేదు. మామూలు ఇంట్లో డక్టుల్లో తిరిగే గాలిలో 20 నుంచి 30 శాతం సందుల్లోంచి పోతుందని ఎనర్జీ స్టార్ (అమెరికా ప్రభుత్వ కరెంటు పొదుపు పథకం) వాళ్లే చెబుతారు. అంటే మీరు డబ్బు పెట్టి చల్లబరిచిన గాలి ఎలుకలకీ సాలీళ్లకీ పోతోంది. నాకు ఇక్కడ నాలుగిళ్లు ఉన్నాయి, నాలుగింటి కిందా నేనే పాకి చేసుకున్నాను. పని కష్టమేమీ కాదు. మ్యాస్టిక్ అని బకెట్లో దొరుకుతుంది, మన లప్పం లాంటిది. రేకు జాయింట్ల మీద బ్రష్‌తో మందంగా పూయాలి. సందు పావు అంగుళం దాటితే ముందు ఫైబర్‌గ్లాస్ మెష్ అతికించి దాని మీద పూయాలి. ఫ్లెక్స్ అయితే లోపలి గొట్టాన్ని కాలర్ (గొట్టం తగిలించే రేకు మూతి) మీదికి లాగి, జిప్ టైతో బిగించి, మ్యాస్టిక్ పూసి, ఆ తర్వాతే ఇన్సులేషన్ పైకి లాగాలి. నేల నుంచి గదిలోకి గాలి వచ్చేచోట డక్టు చివర ఉండే ప్రతి రేకు పెట్టె, అంటే బూట్ చుట్టూ కూడా పూయాలి. అందరూ వదిలేసేది అక్కడే. నా ఇళ్లలో ఒకదానికి జులై కరెంటు బిల్లు 60 డాలర్లు తగ్గింది. 13,500 పోసి గోడలకి ప్లాస్టిక్ తొడిగితే అది ఎప్పటికి తిరిగి వస్తుంది?

బాపట్ల_మూర్తి
రాజశేఖర్ గారూ, మీ పద్ధతి సరైనదే, వరస తప్పు. తడి రేకు మీద మ్యాస్టిక్ పట్టదు. నేను 2021లో మీలాగే డక్టులు ముందు చేయించి 3,100 ఇచ్చాను. మరుసటి ఆగస్టుకి జాకెట్ (ఇన్సులేషన్ పై తొడుగు) కింద మళ్లీ నీళ్లు. ఇన్సులేషన్ నానితే పనికిరాదు, విప్పి పారేశాం. ఆ డబ్బు బూడిదలో పోసినట్టయింది.

సుధ గారూ, మీకు అర్థమయ్యేలా చెబుతాను. స్టీలు గ్లాసులో చల్లటి నీళ్లు పోస్తే బయట చెమట పడుతుంది. ఆ నీళ్లు గ్లాసులోంచి కారినవి కావు, గాలిలోంచి వచ్చినవి. ఇక్కడ జులైలో బయటి గాలి డ్యూ పాయింట్, అంటే గాలిలో తేమ నీళ్లుగా మారే చల్లదనం, 70 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటుతుంది. క్రాల్ స్పేస్ గోడలకుండే గాలి కంతల్లోంచి, అంటే వెంట్లలోంచి ఆ గాలి చల్లగా ఉన్న క్రాల్ స్పేస్‌లోకి వస్తే తేమ 90 శాతం దాటుతుంది. డక్టులో గాలి 55 డిగ్రీలు. ఇన్సులేషన్ నలిగినచోట జాకెట్ పైభాగం 65కి దిగితే చాలు, చెమట పడుతుంది. డక్టు ఎంత సీల్ చేసినా అది చల్లగానే ఉంటుంది కదా.

ఫ్లాయిడ్ తుపాను వరదలో 1999లో మునిగిన మన ప్రిన్స్‌విల్ ఊరు తెలుసు కదా. రాలీలోని అడ్వాన్స్‌డ్ ఎనర్జీ సంస్థ అక్కడ 12 ఇళ్లలో పరీక్ష చేసింది. కొన్నింటికి వెంట్లు ఉంచారు, కొన్నింటికి మూసి నేలంతా ప్లాస్టిక్ పరిచారు. మూసినవాటిలో తేమ తగ్గింది, ఏసీ, హీటర్ ఖర్చు సగటున 15 శాతం పైనే తగ్గింది. ఇది మన రాష్ట్రంలో, మన వాతావరణంలో చేసిన పని.

కూకట్‌పల్లి_కిరణ్
అసలు ఇంటి కింద ఖాళీ ఎందుకు వదులుతారండీ అక్కడ? మనం పునాదిలో మట్టి నింపి గట్టిగా దిమ్మిసా కొడతాం కదా.

బాపట్ల_మూర్తి
చెక్క ఇల్లు కదా కిరణ్. నేల కూడా చెక్క దూలాల మీదే ఉంటుంది. పైపులు, వైర్లు, డక్టులు అన్నీ ఆ ఖాళీలోంచి వెళ్తాయి. అందుకే అక్కడి తడి ఇంటి కాళ్ల కిందకి వచ్చినట్టు.

డర్హం_దీపు
ఇంత రాద్ధాంతం అక్కర్లేదు. మా ఇంట్లో డక్ట్ టేప్ చుట్టాను, రెండేళ్లయింది, బాగానే ఉంది.

రాలీ_రాజశేఖర్
తమ్ముడూ, డక్ట్ టేప్ అని పేరున్నా అది డక్టులకి పనికిరాదు. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ పరిశోధనా ల్యాబ్ వాళ్లు 1998లో వేడిమీద పరీక్షించి, గుడ్డ టేపు ఊడిపోతుందని తేల్చారు.

డర్హం_దీపు
నాది వెండి రంగు టేపు. అదీ ఊడుతుందా?

బాపట్ల_మూర్తి
రంగు కాదు, వెనక ఏముందో చూడు. అల్యూమినియం ఫాయిల్ అయి యూఎల్ 181 (డక్టులకి వాడే టేపు ప్రమాణం) అని ముద్ర ఉంటే నిలుస్తుంది. ఆ బర్క్‌లీ పరీక్షలో ఓడింది గుడ్డ టేపే, ఫాయిల్ టేపు నిలబడింది. కాబట్టి మ్యాస్టిక్ తప్ప గతి లేదన్నట్టు చెప్పడం సరి కాదు.

రాలీ_రాజశేఖర్
మ్యాస్టిక్ తప్ప గతి లేదని నేను ఎక్కడన్నాను? ఫాయిల్ టేపు శుభ్రమైన రేకు మీద నిలుస్తుంది. ముప్పై ఏళ్ల దుమ్ము పట్టిన రేకు మీద ఎవరు శుభ్రం చేసి అతికిస్తారు? పరీక్ష ల్యాబులో జరిగింది, మన పని మోకాళ్ల మీద జరుగుతుంది.

బాపట్ల_మూర్తి
దుమ్ము మీద టేపు పట్టదంటారు, తడి మీద మ్యాస్టిక్ పడుతుందంటారు. ఏ న్యాయం ఇది?

రాలీ_రాజశేఖర్
పట్టదని నేనూ ఒప్పుకుంటాను. తుడుచుకుని పూయాలి. ఆ మాత్రం దానికి 13,500 పెట్టాలా?

ఆడిట్_అనంత్
నేను ఇళ్లకి ఎనర్జీ ఆడిట్లు చేస్తాను, అంటే కరెంటు, గాలి ఎక్కడ వృథా అవుతున్నాయో కొలుస్తాను. ఇద్దరూ టేపు దగ్గరే ఆగిపోయారు. ముందు డక్ట్ బ్లాస్టర్ పరీక్ష చేయించండి. ఫ్యాన్ పెట్టి డక్టుల్లో 25 పాస్కల్ ఒత్తిడి నిలిపి, ఎంత గాలి కారుతోందో కొలుస్తారు. సప్లై (గదులకి చల్లగాలి పంపే) వైపా, రిటర్న్ (గదుల గాలిని మెషిన్‌కి వెనక్కి తెచ్చే) వైపా అన్నది తేలాలి. సప్లై కారితే చల్లగాలి బయటకి పోతుంది. అలా పోయిన గాలికి బదులు ఇల్లు నేల పగుళ్లలోంచి కింది గాలిని పీల్చుకుంటుంది. రిటర్న్ కారితే అంత దూరం కూడా అక్కర్లేదు, క్రాల్ స్పేస్ గాలి నేరుగా బ్లోయర్‌లోకి (ఏసీ ఫ్యాన్‌లోకి) వెళ్లి ప్రతి గదికీ పోతుంది.

ఇంకోటి. మీ ఫర్నేస్ (చలికాలం హీటర్) గ్యాసుదై కింద ఉండి, మంటకి కావాల్సిన గాలి అక్కడే తీసుకుంటుంటే, చూసుకోకుండా వెంట్లు మూయొద్దు. కార్బన్ మోనాక్సైడ్ ప్రమాదం.

సిరి_మోరిస్‌విల్
అనంత్ గారు చెప్పిన రిటర్న్ సంగతి గురించే నేను రాస్తున్నాను. మేము మూడేళ్లు ఒక అద్దె ఇంట్లో ఉన్నాం. ఇదే వాసన. ఓనర్‌కి ఆరుసార్లు మెసేజ్ పెట్టాను. మనిషిని పంపి డక్టులు సీల్ చేయించానన్నాడు. సీల్ చేసింది సప్లై బూట్లు మాత్రమే, ఎందుకంటే అవి చేతికి అందుతాయి. రిటర్న్ బాక్స్ కింద, మూలన ఉంటుంది, అక్కడికి ఎవరూ పాకలేదు. ఇల్లు ఖాళీ చేసే వారం మా ఆయన దూరి చూస్తే బాక్స్‌కీ పైనున్న నేల చెక్కకీ మధ్య నా చెయ్యి పట్టే సందు, దాని చుట్టూ దూలాల మీద నల్లటి బూజు. మూడేళ్లు మా పాప ఆ గాలి పీల్చింది. దానికి ఇప్పటికీ ఇన్‌హేలర్ ఉంది. డాక్టరు అదే కారణం అని చెప్పలేదు, నేనూ అనను. కానీ ఆ చీకటి మూల నా కళ్లలోంచి పోవడం లేదు.

రాలీ_రాజశేఖర్
మీ బాధ అర్థమైంది సిరి గారూ. కానీ ఒక్క ఓనర్ చేసినదాన్ని పట్టుకుని అందరూ 13,500 పెట్టాలనడం ఎలా? అద్దెకున్నవాళ్ల వైపు కూడా చూడండి. నా ఇంట్లో ఒకరు ఏడాదిన్నర ఫిల్టర్ మార్చలేదు. కింద తలుపు తెరిచి వదిలేసి వాన నీళ్లు పోనిచ్చారు. డక్టులు సీల్ చేస్తే బిల్లు తగ్గుతుంది, అది వాళ్లకే లాభం కదా.

సిరి_మోరిస్‌విల్
నేను 13,500 అన్నానా? ఒక్కసారి పైకి వెళ్లి చదవండి. మొదటి పోస్టు నుంచి మీరు బిల్లు, బిల్లు అంటున్నారు. సుధ గారి చివరి వాక్యం ఏమిటి? బాబు దగ్గుతున్నాడు అని. ఇన్ని పోస్టుల్లో ఆ మాటకి ఎవరైనా జవాబిచ్చారా? మూర్తి గారు కూడా ఇవ్వలేదు.

మిమ్మల్ని ఒక్కటి అడుగుతాను. నాలుగిళ్లు అన్నారు. మీరు ఉండే ఇంటికి క్రాల్ స్పేస్ మూయించారా, లేదా?

బాపట్ల_మూర్తి
సిరి గారూ, నిజమే, నేను గమనించలేదు. క్షమించండి సుధ గారూ.

డర్హం_దీపు
రాజశేఖర్ అన్నా, జవాబు?

రాలీ_రాజశేఖర్
మూయించాను. 2019లో. ఇందులో దాచడానికేం లేదు. మా ఇల్లు పల్లంలో ఉంది, వెనక చెరువు ఉంది, వాన పడితే నీళ్లు ఇంటి వైపే వస్తాయి. అద్దె ఇళ్లు మూడూ మెట్ట మీద ఉన్నాయి. అన్నిటికీ ఒకే మందు ఉండదు. పైగా అద్దె డబ్బులతో లోన్ కట్టి, ట్యాక్స్ కట్టి, మిగిలినదాంట్లో 13,500 ఎక్కడ నుంచి తేవాలి? నాకూ ఇద్దరు పిల్లలున్నారు, కాలేజీ ఫీజులున్నాయి. నేను ఎవరి గాలీ పాడు చేయాలని అనుకోలేదు.

సిరి_మోరిస్‌విల్
అనుకోలేదని నేనూ నమ్ముతాను. మా ఓనర్ కూడా అనుకోలేదు. కానీ మెట్ట మీద ఉన్నాయి కాబట్టి పొడిగా ఉంటాయని మీరు అనుకుంటున్నారు, కొలవలేదు. మీ ఇంటికి మీరు కొలిచారు. పదిహేను డాలర్ల తేమ మీటర్ ఆ మూడిళ్ల కింద పెట్టి ఒక్క జులై చూడండి. మీ పిల్లలకి చూసుకున్నట్టు అద్దెకున్న పిల్లలకి చూడమనే నా గొడవంతా. మ్యాస్టిక్కా, ప్లాస్టిక్కా అన్నది నాకు తర్వాత.

రాలీ_రాజశేఖర్
మీటర్ పెడతాను. కానీ అద్దెకిచ్చిన ప్రతివాడూ మోసగాడన్నట్టు మాట్లాడితే నేను ఒప్పుకోను.

ఆడిట్_అనంత్
తేమ 60 శాతం లోపు ఉంటే మంచిది. 70 దాటి వారాల తరబడి ఉంటే చెక్కకి బూజు పట్టే అవకాశం పెరుగుతుంది. నేలంతా 6 మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు) మందం ప్లాస్టిక్ అంచులు ఒకదాని మీద ఒకటి ఎక్కేలా పరవడం, గట్టర్ గొట్టాల నీళ్లు గోడ దగ్గర కాకుండా దూరంగా పోయేలా పొడిగించడం ఈ రెండూ వందల్లో అయ్యే పనులు, వేలల్లో కాదు. డక్టు నేలని తాకకూడదు, కనీసం నాలుగంగుళాలు పైన ఉండాలి. మూసే ముందు రేడాన్ (మట్టిలోంచి వచ్చే రేడియోధార్మిక వాయువు) కిట్‌తో కూడా చూసుకోండి, ఈపీఏ (అమెరికా పర్యావరణ సంస్థ) లెక్కలో లీటరుకి 4 పికోక్యూరీలు దాటితే చర్య తీసుకోవాలి.

కేరీ_సుధ
ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి. గొడవ చదివి టెన్షన్ వచ్చింది, అయినా మీ అందరి మాటలూ పనికొచ్చాయి. పరీక్ష చేయించాం. కారుతున్నది ఎక్కువగా రిటర్న్ వైపే. సిరి గారు చెప్పినట్టే హాలు కింద రిటర్న్ బాక్స్‌కీ నేల చెక్కకీ మధ్య సందు ఉంది, నా నాలుగు వేళ్లు పట్టేంత. కింద తేమ 84. మా ఫర్నేస్ కిందే ఉంది కానీ బయటి గాలికి దాని సొంత పైపు ఉందట.

ఈ నెల ఇలా అనుకుంటున్నాం. ముందు గట్టర్ గొట్టాలు పొడిగించి, ప్లాస్టిక్ పూర్తిగా పరిచి, ఒక డీహ్యుమిడిఫయర్ పెడతాం. తేమ దిగాక రిటర్న్ బాక్స్ మేమే సీల్ చేస్తాం, తడిసిన ఫ్లెక్స్ రెండు ముక్కలు కంపెనీ చేత మార్పిస్తాం. మిగతాది వచ్చే ఏడాది చూస్తాం. బాబుని వచ్చే మంగళవారం డాక్టరుకి చూపిస్తున్నాం, అప్పటిదాకా వాడిని మేడ మీద గదిలో పడుకోబెడుతున్నాను.

రాజశేఖర్ గారూ, మ్యాస్టిక్ ఎంత తీసుకోమంటారు?

రాలీ_రాజశేఖర్
రిటర్న్ బాక్స్‌కీ, ఆ చుట్టుపక్కల జాయింట్లకీ ఒక గాలన్ సరిపోతుంది. సందు నాలుగు వేళ్లు అన్నారు కదా, అంత పెద్దదానికి మెష్ ఒక్కటే ఆగదు, రేకు ముక్క కోసి స్క్రూలు బిగించి, అంచులకి మెష్ వేసి పూయండి. ఏసీ ఆపి చేయండి, ఆరేదాకా వేయొద్దు. బూజు ఉన్నచోట ఎన్95 మాస్క్, చేతులకి గ్లౌజులు తప్పనిసరి. పూసే ముందు రోజు రాత్రి కింద ఫ్యాన్ పెట్టి రేకు బాగా ఆరనివ్వండి. చెయ్యి పెడితే చెమ్మ తగిలితే ఆ రోజు పూయకండి.