రోగం తేలేలోపు ఏం తినాలి? గ్యాస్ మాత్ర ఆపాలా?

కందుకూరు కోడలు:
నాలుగు నెలలుగా అన్నం తిన్న గంటకే కడుపు ఉబ్బరం, పై కడుపులో నొప్పి. పొద్దున్నే రెండు మూడు విరేచనాలు. స్కానింగ్ నార్మల్, రక్తపరీక్ష నార్మల్. నెల్లూరు డాక్టరు గారు పదిహేను రోజులాగి ఎండోస్కోపీకి రమ్మన్నారు, అప్పటిదాకా గ్యాస్ మాత్ర ఆపమన్నారు. ఆపితే మంట. అత్తయ్య అన్నం మాని చపాతీ తినమంటుంది, మా అక్క గోధుమే మానమంటుంది. ఈ పదిహేను రోజులు ఎలా నెట్టుకురావాలి?

ఒంగోలు మాస్టారు:
అమ్మా, లంఖణం పరమౌషధం అన్నారు పెద్దలు. మూడు రోజులు పలచటి మజ్జిగ, శొంఠి, జావ తీసుకో. కారం, చింతపండు, చేపల పులుసు బంద్. గోధుమ మానెయ్. నాకు పథ్యంతోనే తగ్గింది.

పొదలకూరు నిమ్మతోట:
మాస్టారూ, మజ్జిగకీ జావకీ నేను అడ్డు చెప్పను. గోధుమ మాత్రం డాక్టర్ని అడక్కుండా మానొద్దు అక్కా. గోధుమలో ఉండే గ్లూటెన్ పడక పేగు దెబ్బతినే సీలియాక్ జబ్బుకు చేసే పరీక్ష, గోధుమ తింటున్నవాళ్లలోనే సరిగా తేలుతుంది. ఎవరో చెప్పారని నేను ఆరు నెలలు మానేసి వెళ్లాను. నెగెటివ్ వచ్చింది. ఆ రిపోర్టు లెక్కలోకి రాదు, మళ్లీ కొన్ని వారాలు తిని రమ్మన్నారు. ఆ వారాలు పడ్డ బాధ పగవాడికీ వద్దు.
మాత్ర సంగతీ అంతే. కడుపులో పుండ్లు, అదే అల్సర్, తెచ్చే హెలికోబాక్టర్ పైలోరీ అనే క్రిమి కోసం చూసేముందు రెండు వారాలు గ్యాస్ మాత్ర ఆపాలి. లేకపోతే క్రిమి అణిగి ఉండి, లేదని వస్తుంది. మంటకు యాంటాసిడ్ సిరప్ తాగొచ్చా అని డాక్టర్నే అడగండి.

కనిగిరి కుర్రోడు:
తాగేది బోరు నీళ్లా అక్కా? మా వైపు ఫ్లోరైడ్ నీళ్లకు కీళ్లతో పాటు కడుపూ పాడవుతుంది. ఆ సంగతీ డాక్టరుకు చెప్పండి.

ఒంగోలు మాస్టారు:
మొలగొలుకుల అన్నం తిని పెరిగినవాళ్లకు గోధుమ జబ్బేంది? అది ఉత్తరాది రోగం.

పొదలకూరు నిమ్మతోట:
ఉత్తరాదిలో ఎక్కువ, నిజమే. అక్కకు అది ఉందని నేననలేదు. ఉందో లేదో తేలే దారి మూసుకోవద్దంటున్నాను.

ఒంగోలు మాస్టారు:
అన్నిటికీ మూలం టెన్షన్. మా ఆవిడకూ అంతే. క్రిములు, పరీక్షలు అంటూ ఆ పిల్లను ఇంకా భయపెట్టొద్దు.

పొదలకూరు నిమ్మతోట:
అల్సర్‌కు టెన్షనే కారణమని డాక్టర్లూ నమ్మిన రోజుల్లో, 1984లో, బ్యారీ మార్షల్ అనే ఆస్ట్రేలియా డాక్టరు ఆ క్రిములున్న ద్రవం తానే తాగి కడుపు వాపు తెచ్చుకున్నాడు. 2005లో ఆయనకూ రాబిన్ వారెన్‌కూ నోబెల్ వచ్చింది. మీరింకా అక్కడే ఉన్నారు!

కందుకూరు కోడలు:
మాస్టారూ, ఆ మాట మీరూ అనకండి. రిపోర్టు నార్మల్ అని వచ్చిన రోజు నుంచి ఇంట్లో అందరిదీ అదే మాట. రాత్రి రెండింటికి నొప్పితో, విరేచనంతో లేస్తున్నా. ఐదు కిలోలు తగ్గా. ఇది నేను కల్పించుకున్నదా?

పొదలకూరు నిమ్మతోట:
అక్కా, ఈ రెండూ డాక్టరుకు చెప్పారా? నిద్రలోంచి లేపే విరేచనం, కారణం లేకుండా బరువు తగ్గడం తేలిగ్గా తీసుకునేవి కావు. రేపే ఫోన్ చేసి ఇంకా త్వరగా తేదీ ఇమ్మనండి. విరేచనం నల్లగా గానీ, నెత్తురుతో గానీ వస్తే ఫోన్ కూడా వద్దు, నేరుగా వెళ్లండి. ఐరన్ మాత్రలు వేసుకున్నా నల్లగా వస్తుంది, అదీ చెప్పండి.

ఒంగోలు మాస్టారు:
బరువు తగ్గిందని ముందే చెప్పి ఉంటే నేనూ వెళ్లమనేవాణ్ణి తల్లీ. మా ఆవిడకు మూడు ఊళ్లలో మూడుసార్లు గొట్టం వేయించా, అదే ఎండోస్కోపీ. మూడుసార్లూ ఏమీ లేదన్నారు. ఏమీ లేదన్నాక ఇంటికొచ్చి ఏం చెయ్యాలో ఒక్కరూ చెప్పలేదు. నా చేతిలో మిగిలింది పథ్యమే.

పొదలకూరు నిమ్మతోట:
అది మీరు ముందే చెప్పాల్సింది మాస్టారూ. పేగు చూడటానికి బాగానే ఉండి, పనితీరు తేడాగా ఉండే జబ్బులున్నాయి. ఐబీఎస్ అలాంటిదే. టెన్షన్ దాన్ని పెంచుతుంది, అయినా నొప్పి నిజం. దానికీ మందులున్నాయి. ఆమెకు "ఏమీ లేదు" అని చెప్పి పంపడం తప్పు.

కందుకూరు కోడలు:
ఫోన్ చేశా. శుక్రవారం పరగడుపున రమ్మన్నారు. మత్తిస్తే తోడు ఉండాలట. ఈ మాటలన్నీ మా ఆయన చేత చదివించా. ఏమీ అనలేదు, సెలవు పెట్టాడు.