వియ్యంకుడూ ట్రాంబ్లే, వియ్యపురాలూ ట్రాంబ్లే! ఇదేం సగోత్రం?

గోదారి_గట్టు:
అందరికీ నమస్తే. మా అమ్మాయికి కెనడాలోని మాంట్రియల్‌లో ఒక ఫ్రెంచి అబ్బాయితో పెళ్ళి కుదిరింది. వాళ్ళ సొంతూరు అదే క్యూబెక్ రాష్ట్రంలో సాగ్నే అనే ప్రాంతం వైపు. ఇంటిపేరు ట్రాంబ్లే. మొన్న శుభలేఖకి పేర్లు రాసుకుంటుంటే తేలింది, వియ్యంకుడూ ట్రాంబ్లే, వియ్యపురాలూ ట్రాంబ్లే. పెళ్ళయ్యాక మార్చుకున్నారేమో అనుకున్నాను. కాదట, ఆవిడ పుట్టింటి పేరే అది! అప్పట్నుంచి మా అత్తగారు "అన్నాచెల్లెళ్ళ వరస వాళ్ళకి పుట్టిన పిల్లాడా" అని ఒకటే టెన్షన్. అక్కడి సంగతి తెలిసినవాళ్ళు చెప్పండి.

మంచులో_మామిడి:
అక్కా, శుభాకాంక్షలు. క్యూబెక్‌లో 1981లో వచ్చిన చట్టంతో పెళ్ళయిన ఆడవాళ్ళు అధికారికంగా పుట్టింటి పేరే వాడాలి, మీ అమ్మాయికీ అంతే. ఇక ట్రాంబ్లే అంటారా, 2006లో ప్రభుత్వ గణాంక సంస్థ లెక్క తీస్తే క్యూబెక్‌లో మొదటి స్థానం ఆ పేరుదే. దాదాపు నూటికి ఒకరు. మా పాత ఆఫీసులో నలుగురు ఉండేవాళ్ళు. ఒకాయన బూట్ల పార్సెల్ మూడు అంతస్తులు తిరిగి, చివరికి ఇంకో ట్రాంబ్లే కాళ్ళకి కనిపించింది.

పాత_కాగితాలు:
వంశవృక్షాల పిచ్చి ఉన్నవాణ్ణి కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను. ఉత్తర అమెరికాలోని ట్రాంబ్లేలంతా దాదాపు ఒకే దంపతుల సంతానం. ఫ్రాన్స్‌లో పెర్ష్ అనే ప్రాంతం, అందులో రాండొనే అనే పల్లె. అక్కడి పియెర్ ట్రాంబ్లే 1647లో కూలి ఒప్పందం మీద ఓడెక్కి కెనడా వచ్చాడు. పదేళ్ళ తర్వాత, 1657 అక్టోబరు 2న, ఫ్రాన్స్‌లోనే లా రోషెల్ వైపు నుంచి వచ్చిన ఓజాన్ అషాన్‌ని క్యూబెక్‌లో పెళ్ళాడాడు. 12 మంది పిల్లలు. వాళ్ళలో నలుగురు కొడుకుల వల్లే ఇంటిపేరు నిలబడింది. అప్పట్లో అక్కడ మనుషులు తక్కువ, భూమి బోలెడు, కాన్పులు ఎక్కువ. లెక్క మీరే వేసుకోండి.

పేరుకి అర్థం కూడా బాగుంటుంది. ట్రాంబ్ల్ అని ఒక చెట్టు. మన రావాకులా చిన్న గాలికే దాని ఆకులు వణుకుతాయి. అలాంటి చెట్లు గుంపుగా ఉన్న చోటు ట్రాంబ్లే.

సీమ_మాస్టారు:
అంటే మన చింతలపూడి, తాటిపర్తి లాంటిదన్నమాట! సరే గానీ, ఊరంతా ఒకే ఇంటిపేరైతే ఎవరు ఎవరో ఎట్లా గుర్తుపడతారు? మా ఊళ్ళో అయితే పైయింటోళ్ళు, బావికాడోళ్ళు అంటాం.

పాత_కాగితాలు:
అచ్చం అదే, మాస్టారూ. అసలు పేరు పక్కన "డీ" అని పెట్టి, అంటే "అనబడే" అని, ఇంకో పేరు తగిలించేవాళ్ళు. అలెక్సీ ట్రాంబ్లే డీ పికోటే అని ఒకాయన ఉన్నాడు. పికోటే అంటే ముఖమ్మీద మచ్చలున్నవాడు. క్యూబెక్‌లోనే షార్లవ్వా అనే ప్రాంతంలో పిల్లలకి పంచడానికి పొలాలు చాలక, లా మాల్బే ఊరి నుంచి 21 మంది వాటాలు వేసుకుని 1838లో సాగ్నే వెళ్ళి అడవి కొట్టడం మొదలుపెట్టారు. ఆ గుంపుకి నాయకుడు ఈయనే. నిజానికి అప్పటికి అది బొచ్చు వ్యాపారం చేసే హడ్సన్ బే కంపెనీ లీజులో ఉన్న నేల, అక్కడ ఎవరూ కాపురం పెట్టకూడదు. కలప పేరు చెప్పి వెళ్ళి ఊళ్ళే కట్టేశారు. మీ వియ్యాలవారి మూలాలు ఆ వలసలోనే ఉండి ఉంటాయి.

డెట్రాయిట్_బావ:
మా వీధిలో ట్రాంబ్లీ అని ఒక పెద్దాయన ఉన్నాడు. ఇదేనా?

పాత_కాగితాలు:
ఇదే అయ్యుంటుంది. 1840 నుంచి 1930 దాకా దాదాపు 9 లక్షల మంది ఫ్రెంచి కెనడియన్లు అమెరికా వెళ్ళారు, చాలామంది బట్టల మిల్లుల్లో పనికి. ఇంగ్లీషు గుమాస్తాకి ఎలా వినబడితే అలా రాశాడు. కొందరు పేరునే తర్జుమా చేసుకున్నారు. బ్వావేర్ కాస్తా గ్రీన్‌వుడ్ అయిపోయాడు.

అక్కా, అత్తగారి టెన్షన్‌కి మందు చర్చి రిజిస్టర్లలో ఉంది. పెళ్ళి నమోదులో వధూవరుల తల్లిదండ్రుల పేర్లు ఉంటాయి, తల్లి పేరు పుట్టింటి పేరుతోనే. దగ్గరి చుట్టరికం అయితే చర్చి అనుమతి తీసుకోవాలి, ఎన్నో తరం చుట్టరికమో కూడా అక్కడే రాసేవాళ్ళు. ఇంటిపేరు ఒకటే అయినా ఎనిమిది, తొమ్మిది తరాల దూరం ఉన్నవాళ్ళు కోకొల్లలు. మేనరికాలు చేసుకునే మనం వాళ్ళని అడగడం కొంచెం తమాషాగానే ఉంది!

షికూటిమి_చలి:
ఇక్కడ సాగ్నేలోనే ఆస్పత్రిలో నర్సుని. ఒక్క మాట. సాగ్నేలో కొన్ని వంశపారంపర్య జబ్బులు మిగతా చోట్ల కంటే ఎక్కువ. అందరూ దగ్గరి చుట్టాల్నే చేసుకోవడం కాదు దానికి కారణం, మొదట వచ్చినవాళ్ళు కొద్దిమందే కావడం. నాలుగు జబ్బులకి ప్రభుత్వం ఉచితంగా పరీక్ష చేస్తుంది, 2010 నుంచి ఉంది. తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ ఆ జన్యువు వస్తేనే బిడ్డకి జబ్బు. కంగారేమీ లేదు, అబ్బాయిని ఒకసారి డాక్టరుతో మాట్లాడమనండి. ఇక్కడివాళ్ళకి ఇది మామూలు విషయం, ఎవరూ నొచ్చుకోరు.

గోదారి_గట్టు:
అందరికీ చాలా థాంక్స్. అన్నీ చదివి వినిపించాను. అత్తగారు 12 మంది పిల్లల దగ్గర ఆగిపోయి, "ఆ ఓజాన్ ఎవరో గానీ, అంత చలిలో పురుళ్ళు ఎవరు పోశారే పాపం" అన్నారు. రాత్రి రెండోసారి పెరుగన్నం కలుపుకున్నారు కూడా. ఇక శుభలేఖలో ట్రాంబ్లే అని రెండుసార్లు వేస్తే ప్రెస్సువాడు అచ్చుతప్పని ఒకటి తీసేస్తాడేమో, అదొక్కటే భయం.