డిగ్రీ చదువుతూ కూచిపూడి సర్టిఫికెట్ కోర్సు చేయొచ్చా?

కృష్ణలంక అక్క: మా చెల్లి డిగ్రీ మొదటి ఏడాది. చిన్నప్పటి నుంచి ప్రైవేటుగా కూచిపూడి నేర్చుకుంది, ఇప్పుడు విజయవాడ ఘంటసాల ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలలో చేరతానంటోంది. ఆ కాగితం దేనికి పనికొస్తుందని నాన్నగారికి టెన్షన్. రెండు చదువులూ ఒకేసారి అవుతాయా అండి?

మృదంగం విద్యార్థి: సర్టిఫికెట్ 4 ఏళ్లు, ఆ తర్వాత డిప్లొమా 2 ఏళ్లు. కష్టమే, కానీ చేరమనండి. బాలమురళీకృష్ణ గారు మొదటి ప్రిన్సిపాల్‌గా పనిచేసిన కాలేజీ అది, చిన్న విషయం కాదు. క్లాసు వేళలు మాత్రం ముందే వెళ్లి కనుక్కోండి.

గుంటూరు డ్యాన్స్ టీచర్: ప్రైవేటుగా నేర్చుకున్న పిల్లలు స్టేజీ మీద తరంగంలో ఇత్తడి పళ్లెం ఎక్కి ఆడి అదరగొడతారు, థియరీ దగ్గరికొచ్చేసరికి తడబడతారమ్మా. 28 అసంయుత హస్తాలు (ఒంటి చేత్తో పట్టే ముద్రలు), ఏ ముద్ర ఎక్కడ వాడాలో చెప్పే వినియోగ శ్లోకాలు, సప్త తాళాలు, జతులు (అడుగులకు తగ్గ తాళపు పలుకులు) చేత్తో తాళం వేస్తూ నోటితో చెప్పడం, ఇవన్నీ ఇప్పటి నుంచే రోజూ కాసేపు చేయించండి. స్కూల్లో డ్యాన్స్ టీచర్ పోస్టుకి వెళ్తే ముందు అడిగేది సర్టిఫికెట్టే, నాన్నగారికి ఆ మాట చెప్పండి.

కృష్ణలంక అక్క: చాలా థాంక్స్ మేడమ్, రేపే కాలేజీకి వెళ్తాం.