“పరహస్తం గతం గతః”: ఆ విసర్గ ఎక్కడిది?

మన జాతీయ గ్రంథాలయానికి తొలి అధిపతి అయిన బి.ఎస్. కేశవన్ గారి మీద వ్యాసం రాస్తుండగా, మా తాతగారి పుస్తకాల బీరువా తలుపు లోపలివైపు సుద్దతో రాసి ఉండిన శ్లోకం గుర్తుకొచ్చింది: “పుస్తకం వనితా విత్తం పరహస్తం గతం గతః”. పుస్తకం, స్త్రీ, ధనం పరుల చేతికి పోతే పోయినట్టేనని భావం. ఉత్తరార్ధంలో “జీర్ణం”, “ఖండశః” తప్ప మరేమీ జ్ఞాపకం రావడం లేదు. ప్రచురణకర్తలు తమ పుస్తకాల ప్రతులను జాతీయ గ్రంథాలయానికి పంపాలనే 1954 నాటి పుస్తక సమర్పణ చట్టాన్ని ఈ శ్లోకానికి ఎదురు నిలిపి వ్యాసం ఎత్తుకోవాలని ఉంది. పూర్తి పాఠం చెప్పగలరా?

* * *

“అథవా పునరాయాతి జీర్ణం భ్రష్టా చ ఖండశః”. ఒకవేళ తిరిగి వచ్చినా, క్రమాలంకారం ప్రకారం, అంటే చెప్పిన వరుసలోనే అన్వయిస్తే, పుస్తకం చిరిగి, వనిత చెడి, విత్తం ముక్కలుగా వస్తాయని అర్థం. అయితే మీ పూర్వార్ధంలోనే దోషముంది. పుస్తకం, విత్తం నపుంసకలింగాలు, వనిత స్త్రీలింగం. పుంలింగం ఒక్కటీ లేనిచోట “గతః” దేనికి అన్వయిస్తుంది? “పరహస్తగతం గతమ్” అన్నదే సాధువు. మన వాడుకలోని “గతం గతః” అనే పలుకుబడే శ్లోకంలోకి చొరబడిందని నా అభిప్రాయం.

* * *

లింగం సంగతి ఒప్పుకుంటాను గాని, పెద్దల నోట నేను విన్నదంతా విసర్గతోనే. పైగా క్రమాలంకారం ప్రకారం “జీర్ణం” పుస్తకానికీ “ఖండశః” విత్తానికీ చెందుతాయనడం నా మనసుకు ఎక్కదు. పోతన గారి భాగవతాన్నే చూడండి. శిథిలమైన భాగాలను గంగన, సింగన, నారయ పూరించారని కదా మనం చదువుకున్నాం! ముక్కలై తిరిగి వచ్చిన పుస్తకానికి అంతకంటే నిదర్శనం ఏముంటుంది? సింగన షష్ఠస్కంధంలో పోతన ధార ఎంతవరకు అందిందన్నది తీరిగ్గా మాట్లాడుకోదగ్గ విషయం.

* * *

అయ్యా, పోతన దగ్గరికి వెళితే మనం తిరిగి రాము. కేశవన్ గారికి మాత్రం ఈ శ్లోకం చక్కగా అతుకుతుంది. 1947లో ఆయన చేతికొచ్చిన ఇంపీరియల్ లైబ్రరీ మరుసటి ఏడే జాతీయ గ్రంథాలయమైంది. 1949లో విద్యావేత్త ఆశుతోష్ ముఖర్జీ కుటుంబం దాదాపు 80,000 సంపుటాలను ఇచ్చింది. 1953 ఫిబ్రవరి 1న కలకత్తా బెల్వెడేర్ భవనంలో దాని తలుపులు పాఠకులకు తెరుచుకున్నాయి. అంటే పరహస్తగతమైన ఆ పుస్తకాలు పోలేదు, నలుగురికీ అందాయి. ఇక చట్టం చూడండి: ప్రచురించిన 30 రోజుల్లోగా, పటాలూ బొమ్మలూ అన్నీ ఉన్న ప్రతిని, కుట్టి, ఆ ముద్రణలో వాడిన మేలిరకం కాగితం మీదిదే పంపాలని అందులో ఉంది. “జీర్ణం”, “ఖండశః” రెండింటికీ అది సమాధానం. పంపనివారికి జరిమానా 50 రూపాయలూ, ఆ పుస్తకం వెలా కలిపినదానికి మించదు కాబట్టి, ఎగవేసిన ప్రచురణకర్తలకూ కొదవ లేకపోయింది. ఇది మన భాషకు జరిగిన నష్టమని నేను బాధతో అంటున్నాను.

* * *

నష్టం నిజమే. అయినా అందిన తెలుగు పుస్తకాలు 1958లో వెలువడడం మొదలైన జాతీయ గ్రంథసూచిలో తక్కిన భారతీయ భాషలతో ఒకే వరుసలో, రోమన్ లిపిలో నిలిచాయి. ఆ లిపిలో విసర్గ అంటే హెచ్ కింద చుక్క. చుక్కలు ఎక్కడుండాలో తేల్చుకోకుండా అన్ని భాషల పుస్తకాలను ఒక సూచిలో కూర్చడం సాధ్యమయ్యేది కాదు. అందుకే మా తాతగారి విసర్గను నేను తేలిగ్గా వదులుకోలేను.

* * *

ఆ చుక్క కోసమైనా “గతమ్” అని దిద్దండి. “లేఖనీ పుస్తికా” అని మొదలయ్యే పాఠంలో “గతా గతా” అనే ఉంది, అక్కడా విసర్గ లేదు.

* * *

ఆ పాఠంలో ఉత్తరార్ధం ఎలా ఉంటుందండీ?