పిల్లర్లకు ఇనుము కట్టేశారు, భూకంపం కోసం ఇప్పుడు ఏమైనా చేయొచ్చా?

పాల్వంచ టీచర్:
అందరికీ నమస్కారం. పాల్వంచలో 150 గజాల్లో జీ ప్లస్ వన్ ఇల్లు కడుతున్నాం. ప్లింత్ బీములు అయిపోయాయి, పిల్లర్లకు ఇనుము కట్టారు, సోమవారం కాంక్రీటు అంటున్నాడు మేస్త్రి.

మొన్న, 2024 డిసెంబర్ 4న పొద్దున ఏడున్నర కావస్తుండగా నేను టిఫిన్ బాక్సు సర్దుకుంటున్నా. గిన్నెల స్టాండులో ప్లేట్లు గలగలమన్నాయి. పిల్లి దూరిందనుకున్నా. అంతలో కాళ్ల కింద లోడు లారీ పోతున్నట్టు అనిపించింది. మా ఆవిడ పాపను ఎత్తుకుని అప్పటికే వీధిలో ఉంది. నేను బాక్సుకు మూత పెట్టి మరీ బయటికెళ్లాను (దీని మీద ఇంట్లో ఇంకా క్లాసు నడుస్తోంది). ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూకంపం అని తర్వాత టీవీలో చెప్పారు. మేముంటున్న అద్దింటికేమీ కాలేదు.

అప్పట్నుంచి ఒకటే టెన్షన్. మేస్త్రిని అడిగితే నవ్వాడు. "ముప్పై ఏళ్లుగా కడుతున్నా సార్, ఒక్క ఇల్లు పడలేదు. అదంతా గనుల బ్లాస్టింగ్" అన్నాడు. పక్కింటాయన ఫలానా సిమెంటు వాడితే భయం లేదంటాడు. వాట్సాప్‌లో మళ్లీ ఎప్పుడొస్తుందో తేదీతో సహా తిరుగుతోంది. ఖర్చు మరీ పెరగకుండా ఈ దశలో చేయగలిగింది ఏమైనా ఉందా?

మణుగూరు కుర్రోడు:
బ్లాస్టింగ్ కాదన్నా, నేను ఓపెన్‌కాస్ట్‌ బొగ్గు గనిలోనే చేస్తా. బ్లాస్టింగ్ అయితే ముందు సైరన్ మోగుతుంది, ధడ్‌మని ఒక్క దెబ్బతో అయిపోతుంది. మొన్నటిది పుట్టింది దాదాపు 40 కిలోమీటర్ల లోతులో. మేం ఎంత తవ్వినా వందల మీటర్లే కదా. గోదావరి లోయ ఎప్పటిదో పాత పగులు. రెండు పక్కల గట్టి రాతినేల మధ్య భూమి కుంగింది, ఆ పల్లంలో చెట్టూ చేమా పూడుకుపోయి బొగ్గయింది. మాకు జీతాలిచ్చేదీ ఆ పగులే, మొన్న ఊపిందీ ఆ పగులే. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం దగ్గర 5.7 వచ్చింది, మా నాయనమ్మ ఇప్పటికీ చెబుతుంది. మీ మేస్త్రి ముప్పై ఏళ్ల లెక్కలోకి అది రాలేదంతే.

నెల్లూరు సైట్ ఇంజినీర్ (రిటైర్డ్):
మాస్టారూ, కాంక్రీటు పోయకముందే అడిగారు, బతికించారు. తేదీ చెప్పే మెసేజ్‌లు డిలీట్ కొట్టండి. ఫలానా రోజు వస్తుందని చెప్పగలిగే పద్ధతి ఇప్పటిదాకా ఎవరి దగ్గరా లేదు. సిమెంటు బ్రాండు గొడవ కూడా పక్కన పెట్టండి.

రేపు సైటుకెళ్లి ఒక పిల్లరు దగ్గర కూర్చుని, నిలువు ఇనుము చుట్టూ కట్టిన రింగు చూడండి. దాని రెండు కొసలూ ఒక మూలలో కలుస్తాయి. ఆ కొసల్ని ఎల్ ఆకారంలో 90 డిగ్రీలకు వంచి వదిలేశారా, లేక 135 డిగ్రీలకు వంచి పిల్లరు లోపలికి తిప్పారా? నాకు తెలిసిన పది సైట్లలో తొమ్మిదింట మొదటి రకమే. బియ్యం బస్తా మూతి కుట్టు ఊడితే ఏమవుతుంది? ఊపుకి ముందు పిల్లరు పైపొర కాంక్రీటు రాలుతుంది. 90 డిగ్రీల కొసకు ఆ పొర తప్ప వేరే పట్టు లేదు కాబట్టి రింగు విచ్చుకుంటుంది. నిలువు ఇనుము పక్కకు ఉబ్బుతుంది, లోపలి కాంక్రీటు బయటికొచ్చేస్తుంది. కొస లోపలికి తిరిగి ఉంటే పైపొర పోయినా రింగు పట్టు వదలదు. 8 ఎంఎం రింగుకు ఆ కొస కనీసం రెండున్నర అంగుళాలు ఉండాలి.

అలాగే ప్రతి పిల్లరుకూ పైనా కిందా బీముల దగ్గర ఒకటిన్నర అడుగు మేర రింగులు దగ్గరదగ్గరగా, నాలుగంగుళాలు దాటకుండా ఉండాలి. మనవాళ్లు పైనుంచి కిందిదాకా ఆరేసి అంగుళాలకు కట్టుకుంటూ పోతారు. ఇనుము జాయింట్లు కూడా స్లాబు మీదే వేసేస్తారు, పని తేలికని. అవి పిల్లరు నడిమి భాగంలో ఉండాలి.

మీది బహుశా 9 బై 12 అంగుళాల పిల్లరే అయ్యుంటుంది. గోడలో కలిసిపోయి అందంగా ఉంటుందని అందరూ అదే వేస్తారు. భూకంప ముప్పు మ్యాపులో మీ ప్రాంతం జోన్ 3, అక్కడ కోడ్ (కట్టడాల నియమావళి) ప్రకారం ఏ వైపు చూసినా 12 అంగుళాలకు తగ్గకూడదు. ఇప్పుడు మార్చగలమా లేదా అన్నది మీ డ్రాయింగు వేసిన ఇంజినీరే చెప్పాలి, నేను ఇక్కడ కూర్చుని చెప్పకూడదు.

ఇంకోటి, కింద పార్కింగ్ వదిలి పైన గోడలు కడుతున్నారా? 2001 జనవరి 26న భూకంపం వచ్చింది భుజ్ వైపు. రెండొందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో కూలినవాటిలో ఇలా కాళ్ల మీద నిలబెట్టిన అపార్ట్‌మెంట్లు ఎన్నో.

జహీరాబాద్ నుంచి:
పిల్లర్లు లేని పాత ఇళ్ల గురించి కూడా ఎవరైనా రాస్తారేమో అని చూశా. 1993లో మా నాన్న మహారాష్ట్రలోని ఉద్గీర్‌లో ఉద్యోగం. సెప్టెంబర్ 30 తెల్లవారుజామున నాలుగు కొట్టకముందే భూకంపానికి అటువైపు కిల్లారి అనే ఊరు పోయింది. ముందురోజే వినాయక నిమజ్జనం, జనం అలసిపోయి నిద్రలో ఉన్నారు. గోడలు రెండడుగులకు పైగా మందం, చూస్తే కోటలా ఉండేవట. కానీ గుండు రాళ్లను బురదతో పేర్చినవి. లోపలి వరస లోపలికి, బయటి వరస బయటికి విడిపోయాయి. వేసవిలో చల్లగా ఉంటుందని పైకప్పు మీద పోసుకున్న మట్టంతా జనం మీద పడింది. తీవ్రత 6.2, అంటే మొన్న మీకు వచ్చినదానికంటే శక్తిలో ఇరవై రెట్లు పైనే. అప్పటి మ్యాపులో ఆ ప్రాంతం అన్నిటికంటే భద్రమైన జోన్‌లో ఉండేది. పైగా అంతకుముందు ఏడాదే అక్కడ చిన్న చిన్న ఊపులు వచ్చాయి.

ఊళ్లో అమ్మానాన్నలది రాతిగోడల ఇల్లయితే, అక్కడక్కడా గోడ మందమంతా పట్టే పొడుగు రాయి ఉందో లేదో చూడండి. కొత్తగా గోడ కడితే దర్వాజాల పైన ఇల్లు చుట్టూ తెగకుండా కాంక్రీటు పట్టీ వేయించండి. బీరువా గోడకు బిగించుకోవడానికైతే మేస్త్రి కూడా అక్కర్లేదు.

పాల్వంచ టీచర్:
నిన్న స్కూలు నుంచి కోణమానిని పట్టుకుని సైటుకెళ్లాను. పన్నెండు పిల్లర్లు, అన్నిటికీ 90 డిగ్రీలే. మేస్త్రికి కోపం వచ్చింది. లోపలికి వంచితే కాంక్రీటు దిగదన్నాడు. రాడ్ బెండింగ్ చేసే కుర్రాడు మధ్యలో దూరి, "హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్లకు నేను అట్లనే వంచిన సార్, దిగుతది" అన్నాడు. దాంతో వాదన సగం అయిపోయింది. రింగులు విప్పి మళ్లీ వంచి కట్టడానికి రెండు రోజుల కూలీ, బీముల దగ్గర అదనపు రింగులకు కొంత ఇనుము. ఒప్పుకున్నాను. పిల్లర్లు 9 బై 12 అన్నమాట నిజమే, ఇంజినీరు శనివారం వచ్చి చూస్తానన్నాడు. అప్పటిదాకా కాంక్రీటు ఆపమని చెప్పా.

మేస్త్రి నాతో మాట్లాడటం లేదు. నేను తెప్పించిన టీ మాత్రం తాగాడు.