పర్యావరణ లేబుల్‌కి ధర ఎంత పెంచవచ్చో సర్వేతో తేలుతుందా?

తులసి_ఎం:
బట్టల సబ్బు పొడి విషయం. "లేబుల్ ఉంటే ఎంత ఎక్కువ పెడతారు?" అని సర్వేలో అడిగితే సగటున 15 శాతం అన్నారు. తీరా 10 శాతం పెంచగానే అమ్మకాలు పడిపోయాయి. తప్పు ప్రశ్నలో ఉందా, లేబుల్‌లోనా?

కొలబద్ద:
ముందు ప్రశ్నలోనే. నేరుగా అడిగితే జవాబుకు పైసా ఖర్చు లేదు, పైగా మంచివాళ్లం అనిపించుకోవచ్చు. బదులుగా ఎంపిక కార్డులివ్వండి: కార్డుకు 3 ప్యాకెట్లు, పక్కన "ఏదీ కొనను" అనే గడి, ధరలు 4 మెట్లు, మనిషికి 10 కార్డులు. లేబుల్‌తో పాటు మరకలు వదిలే గుణం కూడా మారుతుండాలి. లాజిట్ మోడల్‌లో (ఏ గుణం ఎంపికను ఎంత మారుస్తుందో గుణకాలుగా లెక్కగట్టే గణాంక పద్ధతి) లేబుల్ గుణకాన్ని ధర గుణకంతో భాగించి గుర్తు మార్చండి. ధరను శాతాల్లో పెడితే, లేబుల్ 0.6, ధర −0.05 అయినప్పుడు 12 శాతం. మిక్స్‌డ్ లాజిట్‌లో (గుణకాలను మనిషికో రకంగా మారనిచ్చే రూపం) ధర గుణకానికి నార్మల్ పంపిణీ (సున్నాకు రెండువైపులా వ్యాపించే గంట ఆకారం) ఇవ్వొద్దు. కొందరికి అది సున్నా దాకా వచ్చి భాగహారం వేలల్లోకి పోతుంది. గుర్తు మారనివ్వని లాగ్-నార్మల్ నయం.

సంతబేరం:
కార్డులూ ఊహే కదా. డబ్బు చేతులు మారాలంటే 1964 నాటి బీడీఎం (బెకర్-డిగ్రూట్-మార్షక్) పద్ధతి ఉంది. కొనేవారు తమ గరిష్ఠ ధర రాశాక చీటీ తీస్తారు. చీటీ ధర అంతకు మించకపోతే ఆ చీటీ ధరకే కొనాలి, మించితే కొనడానికి లేదు. తక్కువ రాస్తే చవగ్గా వస్తుందనుకునేవాళ్లు ఉంటారు, అందుకే ముందు పొడికి బదులు ఒక పెన్నును అమ్మకానికి పెట్టి రెండుసార్లు ఉత్తుత్తి ఆట ఆడించండి.

దుకాణంలో పరీక్షిస్తే లేబుల్, ధర ఒకేసారి మార్చకండి. లేబుల్ లేనిచోట అదే సైజు మామూలు స్టిక్కర్ ఉండాలి. 4 వారాలయ్యాక లేబుల్ దుకాణాలను, స్టిక్కర్ దుకాణాలను తారుమారు చేయాలి. 2015లో అచ్చయిన ఫెయిర్ ట్రేడ్ (రైతుకు న్యాయమైన ధర అని చెప్పే లేబుల్) కాఫీ ప్రయోగం 26 దుకాణాల్లో జరిగింది. లేబుల్‌తో అమ్మకాలు దాదాపు 10 శాతం పెరిగాయి. ఖరీదైన కాఫీ 8 శాతం పెంచినా నిలబడింది. చవక కాఫీకి 9 శాతం పెంచితే అమ్మకం 30 శాతం పడింది. మీ పొడి చవక రకమైతే ఆశ్చర్యమేం లేదు.

నురగ:
సబ్బు పొడికి ఇంకో చిక్కు. పర్యావరణహితం అనగానే "మరక వదలదేమో" అన్న అనుమానం. పిల్లల షాంపూకైతే అదే లేబుల్ కలిసొస్తుంది. కాబట్టి లేబుల్ పక్కనే మరకల పరీక్ష ఫలితం వేయండి. లేబుల్ అంతర్జాతీయ ప్రమాణాల్లో ఐఎస్ఓ 14024 రకమా (బయటివాళ్ల తనిఖీ ఉంటుంది), 14021 రకమా (సొంత ప్రకటన)? ఐరోపా సమాఖ్యలోనైతే, ధ్రువీకరణ పథకమో ప్రభుత్వ సంస్థో వెనక లేని లేబుళ్లకు 2026 సెప్టెంబర్ 27 నుంచి నిషేధం.

తులసి_ఎం:
కార్డులకు ఎంతమంది కావాలి?

కొలబద్ద:
వాడుకలో ఉన్న సూత్రం ఇది, 500 అందులో స్థిర సంఖ్య: 500 × 4 మెట్లు ÷ (10 కార్డులు × 3 ప్యాకెట్లు), అంటే 67. అది అడుగు హద్దు. ఆదాయ వర్గాలుగా విడదీయాలంటే వర్గానికి 200 పెట్టుకోండి. కార్డు మీద లేబుల్‌ను అసలు ప్యాకెట్‌పై ఉన్నంత చిన్నగానే చూపించండి. తాటికాయంత అక్షరాల్లో చూపిస్తే మళ్లీ 15 శాతమే వస్తుంది.